మద్య నియంత్రణపై ప్రజాభిప్రాయం – జమాఖర్చుల పద్ధతిలో ఒక పాఠం



మద్య నిషేధం మీద వ్యాసం రాయమంటే మన పిల్లలు ఎక్కువగా రెండు రకాలుగా రాస్తారు. మొదటి రకం: ప్రజలందరూ నిషేధం కోరుతున్నారు, ఆదాయం కోసం ప్రభుత్వమే ఒప్పుకోవడం లేదు. రెండవ రకం: నిషేధం ఎక్కడా నిలవలేదు, అమెరికా కూడా 1920లో తెచ్చి 1933లో ఎత్తివేసింది, కాబట్టి ఆ మాటే అనవసరం. ట్రస్టు వ్యాసరచన పోటీ కాగితాలు దిద్దే పని కొన్నేళ్లుగా నాకు అప్పగిస్తున్నారు. రెండు రకాలకూ మార్కులు వేస్తూనే ఉన్నాను గానీ, రెండింటిలోనూ ఒకటే లోపం కనిపిస్తుంది. ప్రజలలో ఎవరు అడిగారు, ఏమి అడిగారు, ఎప్పుడు అడిగారు అన్నది ఎవరూ చూడరు.

బ్యాంకులో ఏ పద్దు కింద రాయాలో తెలియని మొత్తాలన్నీ సండ్రీస్ ఖాతాలో వేసేవాళ్లం. నెలాఖరుకు ఆడిటరు వచ్చి మొదట తెరిచేది ఆ ఖాతానే. "ప్రజలు" అనే మాట కూడా అలాంటిదే. దాన్ని విడదీసి చూడాలి. నిషేధం కావాలా అనేది ఒక ప్రశ్న. మా వీధి చివర దుకాణం ఉండవచ్చా అనేది వేరే ప్రశ్న. దుకాణం తీసేస్తే ఖజానాకు తగ్గే సొమ్ము ఎవరు కట్టాలి అనేది మరీ వేరే ప్రశ్న. ఒకే మనిషి ఈ మూడింటికీ మూడు దిక్కుల జవాబులు చెప్పవచ్చు. అందులో అబద్ధం గానీ మోసం గానీ ఏమీ లేదు. మన ప్రాంతంలో 1937 నుండి జరిగిన చరిత్రంతా ఈ జవాబులు కలగాపులగం కావడం వల్ల నడిచినదే.

అమ్మకపు పన్ను పుట్టిన కథ

బి.కాం. చదివే పిల్లలకు జి.ఎస్.టి. ఒక పెద్ద పాఠం. దానికి ముత్తాత ఎక్కడ పుట్టాడో చాలామందికి తెలియదు. మన మద్రాసులోనే, 1939లో. దేశంలో సాధారణ అమ్మకపు పన్నును మొట్టమొదట చట్టం చేసినది రాజాజీ ప్రభుత్వం. కారణం మద్య నిషేధం.

రాజాజీ 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో నిషేధం మొదలుపెట్టారు. మరుసటి ఏడు మన తెలుగు జిల్లాలైన చిత్తూరు, కడపలకు, ఆ తరువాత ఉత్తర ఆర్కాటుకు విస్తరించారు. ఆబ్కారీ ఆదాయం ఆ కాలంలో ప్రభుత్వానికి పెద్ద ఆధారం. అది పోతే బడులకూ రోడ్లకూ సొమ్ము ఎక్కడినుండి తేవాలి? తాగేవాడి దగ్గర వదులుకున్నది కొనేవాళ్లందరి దగ్గరా కొంచెం కొంచెం వసూలు చేయాలని నిర్ణయించారు. ఇక్కడ పిల్లలు గమనించవలసినది తరువాతి సంగతి. యుద్ధకాలంలో నిషేధాన్ని నిలిపివేశారు. పన్ను మాత్రం నిలిచిపోయింది. నిషేధం కోసం పుట్టిన పన్ను, నిషేధం లేకపోయినా బతికింది. పన్నుల చరిత్ర చదివినవారికి ఇది ఆశ్చర్యమేమీ కాదు.

స్వాతంత్ర్యం తరువాత 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా నిషేధం వచ్చింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయినప్పుడు ఆ చట్టాన్ని కూడా వెంట తీసుకువెళ్లింది. అక్కడ వేరే గొంతు లేచింది. తాటిచెట్టు ఎక్కి కల్లు గీసే కుటుంబాలకు నిషేధం అంటే ఉపాధి పోవడమే. గౌతు లచ్చన్న గారు గీత పనివారి పక్షాన ఆందోళన నడిపారు. ప్రభుత్వం వేసిన రామమూర్తి కమిటీ నిషేధం ఎత్తివేయమని సిఫారసు చేసింది. ముఖ్యమంత్రి ప్రకాశం పంతులు గారు దానిని అమలుపరచలేదు. 1954 నవంబరులో ఇదే విషయం మీద అవిశ్వాస తీర్మానం వచ్చి, ఒక్క ఓటు తేడాతో ఆయన ప్రభుత్వం పడిపోయింది. మన చెన్నపట్నం వీధుల్లో సైమన్ కమిషన్ రోజున తుపాకికి రొమ్ము చూపిన మనిషి, కల్లు చట్టం దగ్గర ఒక్క ఓటుతో దిగిపోవలసి వచ్చింది. నిషేధాన్ని ప్రజలందరూ కోరుతున్నారని రాసే పిల్లలు ఈ ఒక్క ఓటును గుర్తుపెట్టుకోవాలి. గీత పనివారూ ప్రజలే.

దూబగుంటలో అడిగినది ఏమిటి?

నెల్లూరు జిల్లా దూబగుంట పేరు మీరు వినే ఉంటారు. 1990 తరువాత ఆ జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం బాగా నడిచింది. రాత్రి బడిలో చదువుకున్న వాచకంలో సారా వల్ల చితికిపోయిన కాపురం గురించి ఒక పాఠం ఉండేది. అది చదివిన ఆడవారు, ఇది మన ఇంటి సంగతే కదా అనుకుని, ఊళ్లోని సారా దుకాణం మూయించారు. వారి ముందు నిలిచిన వర్ధినేని రోసమ్మ గారు దూబగుంట రోసమ్మగా ప్రసిద్ధికెక్కారు. 1992 నాటికి ఇది జిల్లా అంతా పాకింది.

ఆ ఆడవారు అడిగినది సంపూర్ణ మద్య నిషేధం కాదు, కనీసం మొదట్లో కాదు. వారు అడిగినది, మా ఊళ్లో సారా అంగడి వద్దు అని. పట్టణంలో బారు ఉందా, అందులో విస్కీ ఎంత అన్నది వారి ప్రశ్న కాదు. సాయంత్రం కూలి డబ్బులు చేతికి వచ్చే చోటుకూ ఇంటికీ మధ్య ఆ అంగడి ఉండకూడదు, అంతే. 1980 దశకంలో 'వారుణి వాహిని' పేరుతో సర్కారు సారా ప్యాకెట్లలో గ్రామాలకు చేరింది. సరుకు గుమ్మం దాకా రావడమే వారి కష్టం.

వారు దెబ్బ కొట్టిన చోటు కూడా వాణిజ్య విద్యార్థులు చూడదగినది. తాగేవాళ్లను తిట్టి ఊరుకోలేదు. సారా వేలంపాటల మీదకు వెళ్లారు. పాట జరగకపోతే కాంట్రాక్టరు లేడు, కాంట్రాక్టరు లేకపోతే దుకాణం లేదు. నెల్లూరులో వేలంపాటలు వాయిదా మీద వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా ప్రభుత్వం సారాను నిషేధించింది. ఎకనామిక్స్ పుస్తకం చదవని ఆడవారు సప్లై వైపు పట్టుకున్నారు. డిమాండు తగ్గించమని మన పెద్దమనుషులు ఇచ్చిన ఉపన్యాసాల కన్నా అది బాగా పనిచేసింది.

ఆ తరువాత రాజకీయం వచ్చింది. ఊరి అంగడి మీద లేచిన కోపాన్ని ఎన్నికల వాగ్దానంగా పెద్దది చేశారు. ఎన్.టి. రామారావు గారు 1994 ఎన్నికల్లో గెలిచి, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం అమలులోకి తెచ్చారు. ఖజానాకు లోటు పడింది. 1996లో, చంద్రబాబు నాయుడు గారి హయాములో, కిలో రెండు రూపాయల బియ్యం మూడున్నర అయింది. పొరుగు రాష్ట్రాల నుండి దొంగ సరుకు వస్తూనే ఉంది. 1997లో నిషేధం ఎత్తివేశారు. 1992 నాటి స్థాయిలో ఉద్యమం మళ్లీ రాలేదు. ఇది చూసి, ప్రజలు మనసు మార్చుకున్నారని కొందరు రాశారు. నాకు అలా అనిపించదు. బియ్యం ధర పెరిగినప్పుడు వేసిన ప్రశ్న వేరు, అంగడి ముందు నిలబడినప్పుడు వేసిన ప్రశ్న వేరు. ఇంకొక సంగతి చాలామంది మరచిపోతారు. 1997లో బ్రాందీ, విస్కీల నిషేధం పోయింది గాని సారా నిషేధం పోలేదు. ఆడవారు మొదట అడిగినది నిలిచింది. నాయకులు దానికి కలిపినది పోయింది. సారా స్థానంలోకి చవక బ్రాందీ, అనుమతి లేని బెల్టు షాపులు వచ్చిన మాట కూడా నిజమే. అది మరొక వ్యాసం.

టాస్మాక్ లెక్క

ఇక మనం ఉంటున్న తమిళనాడు. 1971లో కరుణానిధి ప్రభుత్వం నిషేధం ఎత్తివేసినప్పుడు తొంభై దాటిన రాజాజీ స్వయంగా ముఖ్యమంత్రి ఇంటికి వెళ్లి వద్దని కోరారు. 1974 నాటికి మళ్లీ నిషేధం వచ్చింది. 1981లో ఎం.జి.ఆర్. మళ్లీ ఎత్తివేశారు. 1983లో టోకు వ్యాపారానికి టాస్మాక్ ఏర్పడింది. 2003 నవంబరులో జయలలిత ప్రభుత్వం చిల్లర అమ్మకాలు కూడా దానికే అప్పగించింది. అప్పటి నుండి కాంట్రాక్టరు లేడు, వేలంపాట లేదు, కౌంటరులో కూర్చున్నవాడు ప్రభుత్వ సంస్థ ఉద్యోగి. నెల్లూరు ఆడవారు పట్టుకున్న పిడి తమిళనాడు ఆడవారికి లేకుండా పోయింది.

2003-04లో మద్యం ద్వారా వచ్చిన రాబడి సుమారు 3,600 కోట్ల రూపాయలు. 2024-25లో ఎక్సైజు సుంకం, విలువ ఆధారిత పన్ను కలిపి సుమారు 48,300 కోట్లు. పిల్లలు కాగితం, పెన్ను తీసుకోండి. రాష్ట్ర జనాభా ఇంచుమించు 7.7 కోట్లు. తలకు ఏడాదికి ఆరు వేల పైచిలుకు. నలుగురు ఉన్న ఇంటికి ఏడాదికి 25 వేలు, నెలకు రెండు వేల పైన. నిషేధం పెట్టి, మిగతా ఖర్చులేవీ తగ్గించకపోతే, ప్రతి ఇల్లూ వేరే రూపంలో కట్టవలసిన మొత్తం అది. "నిషేధం కావాలి" అన్నవారిని ఈ రెండు వేల సంగతి కూడా అడిగితేనే అభిప్రాయం పూర్తిగా తెలుస్తుంది.

ఒక వైపే చూస్తే అది లెక్క కాదు. రెండో వైపు చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పదిహేనేళ్లు దాటిన మగవారిలో తాగుతామని చెప్పినవారు తమిళనాడులో 25.4 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 23.3, తెలంగాణలో 43.3, దేశం మొత్తం మీద సుమారు 19. అంటే తమిళనాడులో నలుగురు మగవారిలో ముగ్గురు తాగమని చెప్పారు. పదిహేను దాటిన మగవారు మూడు కోట్లు అనుకుంటే, తాగేవారు 75 లక్షలు. 48,300 కోట్లను 75 లక్షల మందికి పంచండి. ఒక్కొక్కరి మీద ఏడాదికి అరవై వేలకు పైన, నెలకు ఐదు వేల పైన. ఇది ప్రభుత్వానికి చేరే పన్ను మాత్రమే, సీసా పూర్తి ధర కాదు. సర్వేలో అబద్ధం చెప్పినవారు ఉంటారు, సంవత్సరాలు వేరు, ఆడవారిని లెక్కలోకి తీసుకోలేదు, కాబట్టి ఇది ముతక లెక్క. తాగేవారు చెప్పిన దానికి రెట్టింపు ఉన్నారనుకున్నా, తలకు ముప్పై వేలు. సర్వేలో నిజమే చెప్పారనుకుంటే భారం భయంకరంగా ఉంది, అబద్ధం చెప్పారనుకుంటే తాగేవారి సంఖ్య భయంకరంగా ఉంది. మన ట్రస్టు ఒక డిగ్రీ విద్యార్థికి ఏడాదికి ఇచ్చే సాయం ఈ రెండు అంకెల్లో చిన్నదానికి కూడా దరిదాపుల్లో లేదు.

2023 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వం కోటికి పైగా మహిళల ఖాతాల్లో నెలకు వెయ్యి రూపాయలు వేసే పథకం మొదలుపెట్టింది. ఏడాదికి పన్నెండు వేల కోట్లకు పైన. మంచి పథకమే, బ్యాంకు గుమ్మం ఎక్కని ఆడవారు ఖాతాదారులైతే సంతోషించేవాళ్లలో నేను మొదటివాణ్ణి. అయితే తాగే మగవాడున్న ఇంటి మట్టుకు చూస్తే, ఒక కౌంటరులో ఐదు వేలు తీసుకుని మరొక కౌంటరులో వెయ్యి ఇచ్చినట్టు. ఇచ్చేది ఆవిడ పేరున, తీసుకునేది ఆయన జేబు నుండి.

దుకాణం ఎక్కడ?

మళ్లీ అదే సంగతి. తమిళనాడులో పెద్ద ఆందోళనలు చూడండి. 2015 జూలై 31న కన్యాకుమారి జిల్లా మార్తాండం దగ్గర గాంధేయవాది శశిపెరుమాళ్ సెల్‌ఫోన్ టవరెక్కి నిరసన తెలుపుతూ మరణించారు. జీవితమంతా పూర్తి నిషేధం కోరిన మనిషి. కాని ఆ రోజున ఆయన అడిగినది, గుడి, బడి దగ్గర ఉన్న ఒక్క దుకాణం తీసివేయమని. 2016 ఎన్నికల్లో పెద్ద పార్టీలన్నీ నిషేధాన్నో, దశలవారీ నిషేధాన్నో వాగ్దానం చేశాయి. ఆ మే నెలలో జయలలిత 500 దుకాణాలు మూసివేయడానికి, పగలు పన్నెండుకు గాని తెరవకుండా ఉండడానికి సంతకం చేశారు.

ఆ డిసెంబరులోనే సుప్రీంకోర్టు, జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపల మద్యం దుకాణాలు ఉండరాదని తీర్పు ఇచ్చింది. 2017 ఏప్రిల్‌లో తమిళనాడులో మూడు వేలకు పైగా దుకాణాలు మూతపడ్డాయి. ప్రమాదాలు తగ్గాలని ఇచ్చిన తీర్పు అది. మరి ఆ దుకాణాలు ఎక్కడికి వెళ్లాయి? రోడ్డు వదిలి ఊళ్లలోకి, ఇళ్ల మధ్యకు వెళ్లబోయాయి. ఆడవారు రోడ్డెక్కారు, కొన్నిచోట్ల దుకాణాలు పగులగొట్టారు. తిరుప్పూరు జిల్లా సామళాపురంలో ఒక పోలీసు అధికారి నిరసన చేస్తున్న మహిళను చెంపమీద కొట్టిన దృశ్యం దేశమంతా చూసింది. మద్య నియంత్రణ తీర్పు మీద ఆడవారు ఎందుకు తిరగబడ్డారని ఒక విద్యార్థి నన్ను అడిగాడు. వారు తీర్పు మీద తిరగబడలేదు నాయనా, తమ వీధికి వచ్చిన దుకాణం మీద తిరగబడ్డారు. దూబగుంటలో జరిగినదే పాతికేళ్ల తరువాత తమిళంలో జరిగింది.

ధర పెంచి తాగుడు తగ్గిస్తామన్నది మరొక పద్ధతి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో దశలవారీ నిషేధం అని చెప్పి ప్రభుత్వమే దుకాణాలు నడిపింది. దుకాణాల సంఖ్య తగ్గించింది, 2020 మే నెలలో ధరలు బాగా పెంచింది. అదే సంవత్సరం ప్రకాశం జిల్లా కురిచేడులో కొందరు శానిటైజరు తాగి చనిపోయారు. 2024 ఎన్నికల్లో వినిపించిన గొంతు నాణ్యమైన సరుకు లేదు, ధర ఎక్కువ అన్నది. ఇది తాగేవారి ఫిర్యాదు, వారూ ఓటర్లే. ఆ అక్టోబరులో ప్రైవేటు దుకాణాలు తిరిగి వచ్చాయి, 99 రూపాయల క్వార్టరు కూడా వచ్చింది. 1992లో ఆడవారి మాట, 2024లో మగవారి మాట బయటికి వినిపించాయి. రెండూ అదే తెలుగు నేల మీద నుండి వచ్చినవే. ధర తగ్గినందుకు ఆ ఇళ్లలోని ఆడవారు ఏమన్నారో నేను ఏ పత్రికలోనూ పెద్దగా చదవలేదు.

2024 జూన్‌లో కళ్లకురిచ్చిలో మిథనాల్ కలిసిన కల్తీసారా తాగి అరవై మందికి పైగా మరణించారు. ఆ వారం రోజులూ పేపర్లు చూసినవారికి ఒక వింత తెలిసి ఉంటుంది. టాస్మాక్ సీసా కొనలేక పేదవాడు కల్తీసారా తాగాడు, కాబట్టి చవక మద్యం అమ్మాలి, కల్లు మీద 1987లో పెట్టిన నిషేధం తీయాలి అన్నారు కొందరు. మద్యం అలవాటు చేసినదే టాస్మాక్, కాబట్టి మూసివేయాలి అన్నారు మరికొందరు. అవే చావులు ఇద్దరికీ సాక్ష్యమయ్యాయి. వ్యాసంలో ఒక సంఘటన రాసి "దీనినిబట్టి తేలుతున్నది" అనే ముందు, ఎదుటిపక్షం వాడు దానినే చూపి ఏమంటాడో ఒక వాక్యం రాసి చూడండి. నేను ఆ వాక్యానికి మార్కులు వేస్తాను.

మన దరఖాస్తుల సంగతి ఒకటి చెప్పాలి. ఉపకార వేతనం ఫారంలో "కుటుంబ వార్షికాదాయం" అనే గడి ఉంటుంది. దానిలో తండ్రి జీతం రాస్తారు, సర్టిఫికెట్టు జతచేస్తారు. ఇంటికి చేరేది ఎంత అన్న గడి ఏ ఫారంలోనూ లేదు. ఆదాయం పరిమితికి కొంచెం పైన ఉందని పక్కన పెట్టిన దరఖాస్తుల్లో, ఆ జీతంలో సగం ఇల్లు చేరనివి ఎన్ని ఉంటాయో కమిటీకి తెలిసే దారి లేదు. ఏ తల్లీ కాగితం మీద రాయదు. కౌంటరులో ఉన్నప్పుడు పాస్‌బుక్కు ఇంట్లో పెట్టుకోకుండా పుట్టింట్లో దాచుకునే ఆడవారిని చూశాను. కారణం నేను అడగలేదు, వారు చెప్పలేదు. అలాంటి ఇంటి పిల్లలు ఆ మాట తల్లి చేత గాని, తామే గాని కమిటీ సభ్యులలో ఒకరికి నోటితో చెబితే చాలునని నా అభిప్రాయం. ఫారంలో గడి పెట్టడం కన్నా అదే మర్యాద. కమిటీ ముందు ఈ మాట ఉంచాను.

కాలేజీ ప్రాజెక్టుకు ఈ విషయం తీసుకునే విద్యార్థులకు కొన్ని సూచనలు. "మద్య నిషేధాన్ని సమర్థిస్తారా?" అన్న ఒక్క ప్రశ్నతో సర్వే చేయవద్దు. అలా అడిగితే ఎదుటివాడు మీకు మంచివాడుగా కనిపించే జవాబే చెబుతాడు. మీ ఇంటికి దుకాణం ఎంత దూరంలో ఉంది, ఎంత దూరంలో ఉంటే అభ్యంతరం లేదు, ఎన్ని గంటలకు మూయాలి, దుకాణం పోతే నెలకు ఎంత అదనపు పన్ను కట్టగలరు – ఇలా అంకెల్లో జవాబు వచ్చేట్టు అడగండి. ఒకే మనిషి చెప్పిన జవాబులు ఒకదానికొకటి పొసగకపోతే కొట్టివేయకండి, ఉన్నది ఉన్నట్టే రాయండి. ఆడవారిని విడిగా అడగాలి. ఆడపిల్లలు వెళ్లి అడిగితే ఇంకా మంచిది, వసారాలో మగవారు కూర్చుని ఉన్నప్పుడు మాత్రం వద్దు. కాగితాల మీద పేరు, తలుపు నంబరు రాయకండి. వయసు, చేసే పని, దుకాణం దూరం ఉంటే చాలు.